తాతల గనిని మనవరాలు పాడింది



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఉగాది కార్యక్రమం గురించి మాట్లాడుతున్నప్పుడు నేనొక మాట అన్నాను. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు మూడు గంటలు ఇస్తున్నాం కదా, అందులో ఒక అరగంట మన పెద్దవాళ్ల పాటలకు ఇద్దాం అన్నాను. గని లైన్లలో, మగ్గాల దగ్గర, చేలల్లో వాళ్లు పాడుకున్న పాటలకు. ఒకరిద్దరు నవ్వారు. ఒక తమ్ముడు మర్యాదగానే అడిగాడు: "అన్నా, పండగ పూట ఏడుపు పాటలు ఎవరు వింటారు?" అప్పటికి నాకు సరైన జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి వారం రోజులు ఆలోచించాను. ఆ జవాబే ఈ పోస్టు. కొంచెం పొడుగే. తీరిగ్గా కాఫీ పెట్టుకుని చదవండి.

నా జవాబు ఒక అమెరికా గాయని ఆల్బమ్ దగ్గర మొదలవుతుంది. అక్కడెక్కడో ఆమె పాడితే మనకేంటి అనుకోవద్దు. చివరిదాకా చదివాక చెప్పండి.

మా మేనల్లుడు పిట్స్‌బర్గ్‌లో ఉంటాడు. రెండేళ్ల కిందట ఒక రాత్రి వాట్సాప్‌లో ఒక ఆల్బమ్ లింకు పంపి, "మామా, ఇది విను. మన కేజీఎఫ్ లాగే ఉంది" అని రాశాడు. ఆల్బమ్ పేరు 'కోల్'. అంటే బొగ్గు. పాడినామె కాథీ మటేయా. 2008లో వచ్చింది. పదకొండు పాటలు. వాటిలో ఒకటి మాటలు లేకుండా ఉత్త వాయిద్యాలతో సాగుతుంది. మిగతా పదీ బొగ్గు గనుల గురించి, ఆ గనుల చుట్టూ బతికిన మనుషుల గురించి. ఎక్కువ భాగం నెమ్మదిగా, తలుచుకుంటూ పాడే పాటలు. నాకు ఇంగ్లీషు పాటలు పెద్దగా తెలీవు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పని చేసినవాణ్ణి, నాకు తెలిసిన ఇంగ్లీషంతా లెడ్జర్ల ఇంగ్లీషు. అయినా ఆ రాత్రి పదకొండూ విన్నాను. తర్వాత మాటలు తెచ్చుకుని, ఎదురుగా పెట్టుకుని మళ్లీ విన్నాను.

ముందు ఆమె ఎవరో చెప్పాలి. కాథీ మటేయా 1959లో పుట్టింది. ఊరు వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో క్రాస్ లేన్స్. 1978లో చదువు మధ్యలో వదిలేసి కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌కు వెళ్లింది. మొదట్లో అక్కడి సంగీత మ్యూజియంలో వచ్చినవాళ్లకు అన్నీ తిప్పి చూపించే గైడుగా పని చేసింది. పదేళ్లు తిరిగేసరికి పెద్ద పేరు వచ్చింది. 1988లో ఆమె పాడిన ఒక లారీ డ్రైవర్ పాట దేశమంతా మోగింది. 1989, 1990 రెండేళ్లూ వరుసగా కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ల ఉత్తమ గాయని అవార్డు ఆమెదే. గ్రామీ కూడా వచ్చింది. అంటే ఈ ఆల్బమ్ చేసేనాటికి ఆమె అవకాశాల కోసం తిరుగుతున్న మనిషి కాదు. యాభైకి దగ్గర పడింది. ఏం పాడినా, పాడకపోయినా గడిచిపోయేది.

ఆమె తాతలిద్దరూ, అమ్మ తండ్రి, నాన్న తండ్రి, బొగ్గు గనుల్లో పని చేసినవాళ్లే. అమ్మ గని కార్మికుల యూనియన్‌లో ఉద్యోగం చేసింది. నాన్నను మాత్రం బంధువు ఒకాయన డబ్బు కట్టి కాలేజీలో చదివించడంతో ఆయన గనిలోకి దిగే అవసరం తప్పింది. అంటే ఆమె గని బిడ్డ కాదు, గని మనవరాలు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నా వాదనంతా దీని మీదే నిలబడుతుంది.

గని బిడ్డలు పాడిన పాటలు అమెరికాలో అంతకు ముందే ఉన్నాయి. లొరెట్టా లిన్ 1970లోనే తాను బొగ్గు గని కార్మికుడి కూతుర్నని చెప్పుకుంటూ పాడి పెద్ద పేరు తెచ్చుకుంది. ఆమె చూసింది ఆమె పాడింది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మటేయా పరిస్థితి వేరు. గని కథలు విన్నది గానీ గని బతుకు బతకలేదు. చదువుకున్న ఇంట్లో పెరిగింది. ఇంకో ఊరికి పోయి బాగుపడింది. మన సంఘం సభ్యుల పట్టిక ఒకసారి చూసుకోండి. మనలో నూటికి తొంభై మంది లొరెట్టా లిన్‌లు కాదు, మటేయాలే. తాత గనికో మగ్గానికో పోయాడు, నాయన గుమాస్తానో టీచరో అయ్యాడు, మనం బెంగళూరులో ఫ్లాట్ కొనుక్కున్నాం. తాత బతుకు గురించి పాడే హక్కు మనకుందా, ఉంటే దాన్ని ఎలా పాడాలి? ఈ ప్రశ్నకు ఆ ఆల్బమ్‌లో జవాబుంది.

ఆమె దీన్ని ఎందుకు తలపెట్టిందో చూడండి. 2006 జనవరి 2న వెస్ట్ వర్జీనియాలో సాగో అనే గనిలో పేలుడు జరిగి పదముగ్గురు లోపల చిక్కుకున్నారు. పన్నెండుమంది బతికే ఉన్నారని అర్ధరాత్రి కబురొచ్చింది. చర్చిలో కాచుకుని ఉన్న ఇంటివాళ్లు గంటలు మోగించి సంబరపడ్డారు. కొన్ని గంటలకు తెలిసింది, కబురు తిరగబడిందని. చనిపోయింది పన్నెండుమంది, బతికింది ఒక్కడే. ఆ వార్త ఆమెను కుదిపేసింది. తనకు తొమ్మిదేళ్లప్పుడు, 1968 నవంబరులో, అదే రాష్ట్రంలో ఫార్మింగ్టన్ గని పేలి డెబ్బై ఎనిమిది మంది చనిపోయారు. ఆ నాటి దుఃఖం లోపల అలాగే ఉండిపోయిందని ఆమెకు సాగో తర్వాతే అర్థమైందట. అప్పుడు గని పాటలు వెతకడం మొదలుపెట్టింది.

కేజీఎఫ్ వాళ్లకు ఈ సంగతి వివరించి చెప్పనక్కర్లేదు. మిగతా సభ్యుల కోసం రెండు ముక్కలు. కోలారు బంగారు గనుల్లో తవ్వకం 1880లలో ఇంగ్లీషు కంపెనీ చేతిలో మొదలై, నేల కింద మూడు కిలోమీటర్లు దాటి పోయింది. 1902లోనే శివనసముద్రం నుంచి మాకు కరెంటు వచ్చింది, బెంగళూరు కంటే ముందు. పని చేసినవాళ్లలో ఎక్కువమంది తమిళులు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లం మేము. అంత లోతులో రాతి మీద ఒత్తిడి పెరిగి, బండ ఒక్కసారిగా పగిలి చిమ్మేది. ఇంజనీర్లు దాన్ని రాక్ బర్స్ట్ అంటారు, మా ఇళ్లల్లో ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లు. పైన మా లైన్ ఇంట్లో గూటిలోని చెంబులు దొర్లి కింద పడేవి. ఆ చప్పుడు వినగానే మా అవ్వ పొయ్యి మీద ఉన్నది దించి, తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. ఏమీ మాట్లాడేది కాదు. వీధిలో ఆడవాళ్లందరూ అట్లే నిలబడేవాళ్లు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడ సైనైడ్ దిబ్బలు ఉన్నాయి. తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగళూరుకు పనికి పోయే జనంతో నిండిన రైళ్లు ఉన్నాయి.

ఇప్పుడు ఆల్బమ్ సంగతి. మొదటి పాట ఒక రైలు గురించి. పేరులోనే ఉంది విషయం: ఎల్ అండ్ ఎన్ బండి ఇక్కడ ఆగడం మానేసింది. లూయీవిల్ నాష్‌విల్ రైలు కంపెనీ బొగ్గు మోసుకుపోవడానికి ఆ కొండల్లోకి వచ్చింది. బొగ్గు అయిపోయాక బండి ఆగదు, ఊరు మిగిలిపోతుంది. రాసినామె జీన్ రిచీ. కెంటకీ కొండల్లో వైపర్ అనే పల్లెలో, పద్నాలుగు మంది పిల్లల ఇంట్లో చివరిది. ఈ పాటను ఆమె మొదట తన పేరుతో బయటికి తేలేదు, థాన్ హాల్ అని మగ పేరు పెట్టుకుంది. గని కష్టం మీద ఆడది పాట రాస్తే పట్టించుకోరేమోనని. మన ఇళ్లల్లో అవ్వల పాటలకు అసలు పేరే లేకుండా పోయింది. అక్కడ కనీసం మగ పేరుతోనైనా బతికి, తర్వాత అసలు పేరుకు చేరింది.

నాలుగో పాట 'లారెన్స్ జోన్స్'. ఇది నిజంగా బతికిన మనిషి పేరు. 1973, 74లలో కెంటకీలోని హార్లన్ జిల్లాలో బ్రూక్‌సైడ్ గని కార్మికులు సమ్మె చేశారు. ఆ సమ్మెలో తుపాకీ దెబ్బకు చనిపోయిన కుర్రవాడు లారెన్స్ జోన్స్. వయసు ఇరవై మూడు. సి కాన్ అనే ఆయన పాట కట్టాడు. ఆ సమ్మె మీద బార్బరా కోపుల్ తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ నాకు ముఖ్యం అనిపించింది వేరే. పాటలో ఆ పిల్లవాడి పేరు పూర్తిగా ఉంది. మన అవ్వలు శోకం పెట్టేటప్పుడు కూడా పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తారు కదా, "ఓ నా తమ్ముడా" అని. పేరుంటే మనిషి లెక్కలో కలిసిపోకుండా మిగులుతాడు. గని రిజిస్టరులో నంబరు ఉంటుంది, పాటలో పేరు ఉంటుంది.

'కోల్ టాటూ' అనే పాట రాసింది బిల్లీ ఎడ్ వీలర్. గనిలో దెబ్బ తగిలినప్పుడు బొగ్గు పొడి గాయంలోకి పోయి, గాయం మానాక కూడా చర్మం కింద నీలం మచ్చగా ఉండిపోతుంది. పచ్చబొట్టు లాగా. దాన్నే ఆ పేరుతో పిలుస్తారు. మా తాత కుడి చెయ్యి మీద కూడా ఒక మచ్చ ఉండేది. అది బొగ్గు మచ్చ కాదు, రాయి తగిలిన మచ్చ. చిన్నప్పుడు నేను దాని మీద వేలు పెట్టి రుద్దేవాణ్ణి. "అది పోదురా, నాతోనే వస్తాది" అనేవాడు.

ఎనిమిదో పాట హార్లన్ నుంచి ఎవరూ ప్రాణాలతో బయటపడరని చెప్పేది. డారెల్ స్కాట్ రాశాడు. ముత్తాత ఎక్కడి నుంచి వచ్చాడో, ఎందుకు గనిలోకి దిగాడో చెప్పే పాట. తొమ్మిదోది మెర్ల్ ట్రావిస్ 1946లో పాడి రికార్డు చేసిన 'డార్క్ యాజ్ ఎ డంజన్', చెరసాల లాంటి చీకటి అని. కుర్రవాళ్లకు హెచ్చరికగా చెప్పే పాట: దీని జోలికి రాకండి, సారాయి అలవాటు లాగా ఇదీ వదలదు అని. ఈ పాట విన్నప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి, "ఊరికే చూసొస్తా, కేజ్‌లో కిందికి తీసుకుపోతారంట" అన్నాను. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి ఆ రోజు చెంప మీద కొట్టాడు.

చివరి పాట గురించి చెప్పకుండా ఈ పోస్టు ముగించలేను. పేరు 'బ్లాక్ లంగ్', నల్ల ఊపిరితిత్తి. బొగ్గు పొడి ఏళ్ల తరబడి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. రాసినామె హేజెల్ డికెన్స్, వెస్ట్ వర్జీనియా గని కుటుంబంలో పదకొండు మంది పిల్లల్లో ఒకతె. బతుకుదెరువు కోసం బాల్టిమోర్ పోయి ఫ్యాక్టరీల్లో పని చేసింది. ఆమె అన్న ఆ జబ్బుతోనే పోయాడు, ఆయన చావు చూసి పాట కట్టింది. 1969 ఫిబ్రవరిలో ఈ జబ్బుకు పరిహారం కావాలని వెస్ట్ వర్జీనియాలో సుమారు నలభై వేల మంది గని కార్మికులు పని ఆపేశారు. ఆ ఏడాది చివరికి అమెరికా ప్రభుత్వం చట్టం తెచ్చింది. అంతటి చరిత్ర ఉన్న పాట అది.

మటేయా దీన్ని ఏ వాయిద్యమూ లేకుండా పాడింది. గిటారు లేదు, ఫిడేలు లేదు. ఒక్క గొంతు. ఆమె తలుచుకుంటే నాష్‌విల్‌లో వాయించేవాళ్లకు కొదవ లేదు. ఆల్బమ్‌ను దగ్గరుండి చేయించిన మార్టీ స్టూవర్ట్ స్వయంగా పేరున్న మాండొలిన్ వాద్యకారుడు. అయినా ఆ పాటకు ఏమీ జోడించలేదు. నేను విన్నప్పుడు రాత్రి పదకొండు దాటింది. పాట అయిపోయాక చాలాసేపు లైటు వెయ్యబుద్ధి కాలేదు. మా తాత చివరి రెండేళ్లూ కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరి అందేది కాదు. బంగారం తెల్ల రాతిలో ఉంటుంది. ఆ రాయి తొలిచినప్పుడు లేచే దుమ్ము బొగ్గు దుమ్ములా నల్లగా ఉండదు. ఊపిరితిత్తులకు చేసే పని మాత్రం అదే. దాన్ని సిలికోసిస్ అంటారని నాకు ఉద్యోగంలో చేరాక ఒక పేపరులో చదివితే తెలిసింది. ఇంట్లో మాత్రం దాని పేరు "తాత దగ్గు".

ఈ ఆల్బమ్‌లో అంతా నాకు నచ్చిందని చెప్పను. మధ్యలో రెండు మూడు పాటలు ఒకే నడకలో వస్తాయి, వేరు చేయడం కష్టం. కొన్ని చోట్ల రికార్డింగు మరీ శుభ్రంగా ఉంది, గని దుమ్ము అంటనట్టు. ఇంకో లోటు, గని మనిషి భార్య పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే చాకిరీని ముందు పెట్టిన పాట నాకు ఇందులో కనబడలేదు. బట్టలు ఉతకడం, నీళ్లు మోయడం, జీతం రోజున మనిషి ఏ కొట్టు దగ్గర ఆగాడో వెతకడం, వీటికి పాట కావాలి. కానీ ఈ లోట్లు నాకు ఆల్బమ్ చేసిన పని ముందు చిన్నవి.

ఆమె చేసిన పనిలో మూడు సంగతులు మనం నేర్చుకోవాలి.

ఒకటి. ఈ పాటల్లో ఆమె సొంతంగా రాసింది ఒక్కటీ లేదు. పేరున్న గాయని, గని మీద తానే పది పాటలు రాయించుకుని పాడొచ్చు. అలా చెయ్యలేదు. గనుల చుట్టూ పుట్టి, అప్పటికే జనం నోళ్లలో నలిగిన పాటలను వెతికి పట్టుకుంది. నేను మనవరాలిని, ఈ బతుకు నాకంటే బాగా తెలిసినవాళ్లు ముందే చెప్పారు, నేను మోసుకొస్తాను, అంతే. పాడే హక్కు ఆమెకు నేర్చుకోవడం వల్ల వచ్చింది.

రెండు. ఎవరినీ తిట్టలేదు. కొండల పైభాగాన్నే పేల్చి బొగ్గు తీసే పద్ధతి మీద ఆమెకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి, వాతావరణ మార్పు గురించి ఊరూరా తిరిగి ఉపన్యాసాలు కూడా ఇచ్చింది. కానీ ఆల్బమ్‌లో ఉపన్యాసం లేదు. ఎందుకంటే ఆ రాష్ట్రంలో ఇప్పటికీ బొగ్గు మీద బతికే ఇళ్లు ఉన్నాయి. వాళ్లు కూడా ఈ పాటలు వినగలగాలి. గనిని ద్వేషించినా, గనికి రుణపడ్డా, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయని ఆమెకు తెలుసు. మా ఇంట్లోనూ అంతే. తాత ఊపిరి తీసింది ఆ గనే. నాయనకు స్కూలు ఫీజు కట్టిందీ ఆ గని జీతమే.

మూడు. కల్తీ లేని పాట అంటూ వెతకలేదు. ఆ కొండల పాటలు స్కాట్లాండ్, ఐర్లాండ్, ఇంగ్లాండు నుంచి వలస వచ్చినవాళ్ల వెంట వచ్చాయి. జీన్ రిచీ 1952లో స్కాలర్‌షిప్ మీద సముద్రం దాటి పోయి, తమ ఇంటి పాటల మూలాలు వెతుక్కుంది. వచ్చిన పాటలు కొండల్లో మారాయి, గని వచ్చాక ఇంకా మారాయి, రైలు వచ్చింది, యూనియన్ వచ్చింది, అన్నీ పాటలోకి దూరాయి. అందుకే అవి బతికాయి.

ఇక్కడ మన సమావేశంలో వచ్చిన రెండో అభ్యంతరానికి జవాబు చెప్తాను. ఒక పెద్దాయన అన్నారు, "మన అవ్వల పాటల్లో సగం అరవం, సగం కన్నడం, షిఫ్టు, పైపు, డ్రిల్లు అని ఇంగ్లీషు. పిల్లలకు మంచి తెలుగు నేర్పాలిగానీ ఇది కాదు" అని. ఆయన మీద నాకు గౌరవం ఉంది, మన సంఘంలో తెలుగు తరగతులు పెట్టించింది ఆయనే. కానీ పెద్దయ్యా, ఆ కలిసిపోయిన మాటలే మనం ఇక్కడ వందేళ్లు బతికామనడానికి సాక్ష్యం. హోసూరులో, బళ్లారిలో, సోలాపూర్ మగ్గాల వీధుల్లో, బరంపురంలో, ఎక్కడి తెలుగు అక్కడి నేల వాసన పట్టుకుంది. పుస్తకం తెలుగు పిల్లలు పుస్తకంలో నేర్చుకుంటారు. అవ్వ తెలుగు అవ్వ దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

ఇక మొదటి అభ్యంతరం, పండగ పూట ఏడుపు పాటలెందుకు అన్నది. దీనికి జవాబు చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలామందికి గుర్తుండదు, నాకు గుర్తుంది. పన్నెండేళ్ల కిందట ఉగాదికి స్టేజీ బాధ్యత నాది. ఆండర్సన్‌పేట నుంచి కొడుకు ఇంటికి వచ్చి ఉన్న ఒక పెద్దమ్మ మైకు దగ్గరికి వచ్చి, "ఒక పాట పాడతా నాయనా" అంది. సరే అన్నాను. ఆమె గనిలో పోయిన తన అన్న మీద పాట ఎత్తుకుంది. రెండు చరణాలు అయ్యాయి. వెనక కీబోర్డు అబ్బాయి గడియారం చూపిస్తున్నాడు, ముందు వరసలో ముఖ్య అతిథి ఫోను చూసుకుంటున్నారు. నేను పోయి, నవ్వుతూనే, ఆమె చేతిలో మైకు తీసుకున్నాను. "చాలా బాగుంది పెద్దమ్మా, చప్పట్లు కొట్టండి" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఏమీ అనలేదు, కొంగు సర్దుకుని దిగిపోయింది. ఆ ఏడాదే కాలం చేసింది. ఆ పాట మూడో చరణం ఏమిటో ఇప్పుడు ఎవరికీ తెలీదు. వాళ్లబ్బాయిని అడిగాను, అతనికీ తెలీదు. నేను తీసుకున్నది మైకు ఒక్కటే అనుకున్నాను.

ఈ ఆల్బమ్ విన్నాక నేను చేసిన మొదటి పని, రైలెక్కి కేజీఎఫ్ పోయి మా మేనత్తను కలవడం. ఎనభై నాలుగేళ్లు. మా అవ్వ పాటలు ఇప్పుడు ఆమెకు ఒక్కదానికే వచ్చు. "ఆ పాటలు ఇప్పుడేంటికి నాయనా? మీ నాయనకు గిట్టేవి కావు" అంది. నిజమే. నాయన బెంగళూరు వచ్చాక అవ్వను పాడనిచ్చేవాడు కాదు. పక్కింటివాళ్లు వింటే మనం గని కూలీలమని తెలుస్తుందని సిగ్గు. ఆయన్ను నేను తప్పు పట్టను. గని నుంచి పిల్లల్ని దూరంగా తీసుకుపోవాలన్నదే ఆయన తపన, దూరం పోయేటప్పుడు బరువు దించుకుంటారు. దించిన బరువులో పాటలూ పోయాయి. నాయన తరం మరిచిపోతే తప్ప ముందుకు పోలేకపోయింది. మన తరానికి ఆ భయం లేదు. మన పిల్లల్ని ఎవరూ గనిలోకి పంపరు. మరి మనం ఎవరికి జడుస్తున్నాం?

అత్త ఆ రోజు నాలుగు పాటలు పాడింది. రెండు పూర్తిగా, రెండు సగం. మధ్యలో దగ్గు వచ్చి ఆగేది, నీళ్లు తాగి మళ్లీ అందుకునేది. ఫోనులో రికార్డు చేశాను. వాటిలో ఏడుపు పాట ఒక్కటే. మిగతా వాటిలో ఒకటి జోల, ఒకటి పెళ్లికొడుకును ఎగతాళి చేసే పాట, ఇంకొకటి జీతం రోజు ఇంటికి ఆలస్యంగా వచ్చిన మొగుడి మీద. ఆ చివరిది పాడుతూ అత్త తనే పకపకా నవ్వింది. చూశారా తమ్ముడూ, నువ్వు అడిగినదానికి ఇదే జవాబు. వినకముందే మనం వాటికి ఏడుపు పాటలని పేరు పెట్టాం. అమెరికాలో కాథీ మటేయా ఆల్బమ్‌లో దొరకలేదని నేను పైన రాసిన ఆ పాట, జీతం రోజు పాట, మా అత్త దగ్గర ఉంది.

ఇంకొకటి కూడా చెప్తాను. నిజంగా ఏడుపు పాటే అయినా పండగ రోజు వినొచ్చు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసి నోట్లో పెట్టుకునే జాతి మనది. చేదు తీసేసి బెల్లం నీళ్లు తాగి అదే పచ్చడి అనుకోం కదా.

"ఆమె పెద్ద గాయని, స్టూడియోలున్నాయి, మనవల్ల అవుతుందా?" అని అడగొచ్చు. ఈ ఆల్బమ్‌ను ఆమె పెద్ద కంపెనీ ద్వారా కాదు, తన సొంత చిన్న లేబుల్ మీద విడుదల చేసుకుంది. అయినా తర్వాత అది సంప్రదాయ జానపద విభాగంలో గ్రామీ నామినేషన్ దాకా పోయింది. మనకు గ్రామీ అక్కర్లేదు. ఫోను ఉంది, ఆదివారం ఉంది, పెద్దవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. నేను కోరేది ఇంతే:

ఉగాది రోజు అరగంట. ముందు వరసలో పెద్దవాళ్లు కూర్చోవాలి, ముఖ్య అతిథి వాళ్ల పక్కన. పాట వెనక కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వద్దు. పాట మొదలైతే అయ్యేదాకా మైకు ఎవరూ ముట్టుకోకూడదు, అది నాతో సహా.

ఉగాదిలోపు ప్రతి ఇంట్లో ఒక్క పాట రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పని చేసేటప్పుడు పాడేవాళ్లో అడిగి రాయండి. పదిమందికి వినిపించడం వాళ్లకు ఇష్టం లేకపోతే ఇంట్లోనే దాచుకోండి, బలవంతం వద్దు. పాట సగమే గుర్తుంటే సగమే రికార్డు చేయండి. మిగతా సగం ఇంకో ఇంట్లో దొరకొచ్చు.

పిల్లలు ఎవరైనా ఒక పాట పట్టుకుని, అవ్వ దగ్గర కూర్చుని నేర్చుకుంటే, వచ్చే ఏడాది స్టేజీ వాళ్లదే. యూట్యూబులో చూసి కాదు, ఎదురుగా కూర్చుని.

ఆర్కెస్ట్రా వద్దని నేను అనడం లేదు. నాకూ ఘంటసాల పాటలంటే ప్రాణమే. రెండున్నర గంటలు వాళ్లకే ఉంటాయి. ఖర్చులో ఒక్క రూపాయి పెరగదు.

వచ్చే ఆదివారం సమావేశంలో దీన్ని మళ్లీ చర్చకు పెడుతున్నాను. ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోరో కింద రాయండి, చదువుతాను. ఒప్పుకునేవాళ్లు లైకు కొట్టి ఊరుకోకండి, మీ ఇంట్లో పాట తెలిసిన మనిషి ఎవరో, ఆమెది ఏ ఊరో రాయండి. మా ఇంటి నుంచి నేను మొదలుపెడుతున్నాను: మా మేనత్త, కేజీఎఫ్, నాలుగు పాటలు. అందులో రెండు సగం.

వచ్చే నెల మళ్లీ పోతున్నాను. మిగతా సగం ఆమెకు గుర్తొస్తుందేమో చూడాలి.